కాచి తాగినా ఆగని జబ్బు: ఫ్లోరిన్ నీళ్లు ఒంట్లో ఏం చేస్తాయి

నీళ్లు కాచి చల్లార్చి తాగండి అనే మాట తెలుగు ఇళ్లలో అందరూ చిన్నప్పటి నుంచీ వినేదే. కలరా, టైఫాయిడ్, కామెర్లు, వాంతులు, విరేచనాల విషయంలో ఆ సలహాకి తిరుగులేదు, ఎందుకంటే వాటిని తెచ్చేవి క్రిములు, మరిగే నీళ్లలో అవి నిలవలేవు. కానీ నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపో, ప్రకాశం ప్రాంతంలో పొదిలి, కనిగిరి వైపో ఫ్లోరిన్ ఎక్కువున్న పాత బోరు నీళ్లని ఇలాగే కాచి తాగితే లాభం లేకపోగా కొంచెం నష్టమే. లీటరుకి 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ (నీళ్లలో కరిగి ఉన్న ఫ్లోరిన్) ఉన్న నీళ్లు ఒక లీటరు తీసుకుని ముప్పావు లీటరు అయ్యేదాకా మరిగిస్తే ఆవిరైపోయేది నీళ్లు మాత్రమే. ఆ 4 మిల్లీగ్రాములూ గిన్నెలోనే ఉంటాయి కాబట్టి ఇప్పుడు లీటరుకి 5.3 అయింది. క్లోరిన్ బిళ్ల వేసినా అంతే, బట్టతో వడగట్టినా అంతే. అక్కడ చంపడానికి క్రిమీ లేదు, వడగట్టడానికి మడ్డీ లేదు.

బడి పుస్తకంలో జబ్బు అనగానే బ్యాక్టీరియా, వైరస్, దోమ, ఈగ బొమ్మలు వస్తాయి. అవి ఉండాల్సిందే, కానీ వాటితో పిల్లల బుర్రలో ఒకే కథ మిగిలిపోతుంది: బయటి నుంచి ఏదో వచ్చి ఒంటి మీద దాడి చేస్తుంది, మందేస్తే పారిపోతుంది. ఫ్లోరిన్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకి, ఎముకలకి వచ్చే ఫ్లోరోసిస్ అనే జబ్బు ఈ కథలో ఇమడదు. అంటుకోదు, జ్వరం రాదు, దానికి టీకా లేదు, మందు బిళ్ల లేదు, మొదలైన సంగతి కూడా చాలా ఏళ్లదాకా తెలీదు. పైగా దానికి కారణమైన పదార్థాన్నే పళ్లకి మంచిదని టూత్‌పేస్ట్‌లో కలుపుతున్నారు. మరి అది మంచిదా, విషమా అని అడిగితే ప్రశ్నే సరిగ్గా లేదని చెప్పాలి. ఎంత మోతాదు, ఎన్నేళ్లు, ఏ వయసులో, తిండిలో కాల్షియం ఎంత ఉంది అనే లెక్కలు తేలాకే దానికి జవాబు.

ఊళ్లలో ఫ్లోరిన్ అనేది నిజానికి ఫ్లోరైడ్, అంటే ఒక ఎలక్ట్రాన్‌ని అదనంగా తీసుకుని రుణావేశంతో నీళ్లలో తిరిగే ఫ్లోరిన్ పరమాణువు. అది నీళ్లలోకి ఎలా వచ్చింది? ఎవరో కలిపితే కాదు, ఫ్యాక్టరీ వదిలితే కాదు. నల్గొండ నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి. అందులో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ చిక్కుకుని ఉంటుంది. వాన నీరు రాతి పగుళ్లలోకి దిగి ఏళ్ల తరబడి అక్కడే నిలిచిపోతే, కొద్దికొద్దిగా దాన్ని కరిగించుకుంటుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ ఉన్న చోట భూగర్భ జలం త్వరగా మారదు, పాత నీళ్లే ఉంటాయి, కాబట్టి రాతితో సావాసం పెరుగుతుంది. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ని పట్టుకుని కాల్షియం ఫ్లోరైడ్‌గా కింద కూర్చోబెడుతుంది. అది నీళ్లలో కరగడానికి మొండికేస్తుంది. చౌడు నేలల్లో, సోడా గుణం ఎక్కువున్న నీళ్లలో కాల్షియం ముందే సున్నపు గడ్డలుగా విడిపోతుంది, ఇక ఫ్లోరైడ్‌ని ఆపేవాళ్లు ఉండరు. ఆ నీళ్లు చూస్తే తేటగా ఉంటాయి, వాసన రాదు, రుచిలో తేడా తెలీదు. మురికి నీళ్లంటే భయపడటం మనిషికి అలవాటే, తేట నీళ్లని అనుమానించడం మాత్రం ఎవరికీ రాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటుంది. భారత ప్రమాణం 1 దాకా పర్వాలేదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని చెబుతుంది. ఒక్క మిల్లీగ్రాము అంటే గ్రాములో వెయ్యో వంతు, వేలి కొన మీద పెడితే కనీకనపడనంత. ఇంత చిన్న అంకెల గురించి ఇంత గొడవేంటి అనిపిస్తే ఒక లెక్క వేసి చూడాలి. 4 మిల్లీగ్రాముల నీళ్లున్న ఊళ్లో ఎండాకాలం పొలం పని చేసే మనిషి రోజుకి 5 లీటర్లు తాగుతాడు, అది 20 మిల్లీగ్రాములు. ఆ నీళ్లతోనే అన్నం, పప్పు, పులుసు వండుతారు. టీ ఆకు స్వయంగా నేలలోంచి ఫ్లోరైడ్‌ని పీల్చి దాచుకునే మొక్క, కాబట్టి టీ నీళ్లలో అదీ కలుస్తుంది. అదే ఆఫీసు గదిలో కూర్చుని రెండు లీటర్లు తాగే మనిషికి ఆ ఊరి నీళ్లే అయినా మోతాదు సగం కూడా కాదు. చల్లటి దేశాల్లో జనం తాగే నీళ్ల లెక్కతో పెట్టుకున్న హద్దుని మన ఎండలకి అలాగే తెచ్చి పెట్టుకుంటే ఏం లాభం? భారత ప్రమాణం 1 దగ్గరే గీత గీయడం తెలివైన పనే.

మింగిన ఫ్లోరైడ్ కడుపులోకి వెళ్లాక ఏమవుతుందో చూస్తే కెమిస్ట్రీ పాఠం ఒంట్లోనే జరుగుతున్నట్టు ఉంటుంది. ఆవేశం ఉన్న అయాన్ కణాల పొరని తేలిగ్గా దాటలేదు. కానీ జీర్ణాశయంలో ఆమ్లం ఉంది, ఆ ఆమ్లంలోని హైడ్రోజన్‌తో కలిసి ఫ్లోరైడ్ హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది, ఆవేశం పోతుంది, పొర దాటేసి రక్తంలోకి వెళ్లిపోతుంది. పరగడుపున తాగిన నీళ్లలోదైతే దాదాపు మొత్తం ఎక్కేస్తుంది. పాలు, పెరుగు, రాగి జావ లాంటివి తిన్న కడుపులోనైతే కాల్షియం కొంత ఫ్లోరైడ్‌ని పట్టుకుని బయటికి తీసుకెళ్లిపోతుంది. రక్తంలోకి వచ్చినదాన్ని మూత్రపిండాలు వడగట్టి పంపాలని చూస్తాయి, పెద్దవాళ్లలో సుమారు సగం అలా పోతుంది. మిగిలింది ఎముకల్లోకి, పిల్లల్లోనైతే పళ్లలోకి కూడా వెళ్తుంది. ఒంట్లో నిలవ ఉన్న ఫ్లోరైడ్‌లో 99 శాతం ఉండేది అక్కడే. ఎదిగే పిల్లల ఎముకలు దాన్ని ఇంకా ఎక్కువగా లాగేసుకుంటాయి, మూత్రంలో పోయేది తక్కువ. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకీ ఇదే ఇబ్బంది, బయటికి పోయే దారి సన్నబడిపోయింది కదా.

ఎముకలోనే ఎందుకు? పంటి మీది గట్టి పైపొర ఎనామిల్, ఎముక రెండూ హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికంతో తయారవుతాయి. ఆ స్ఫటికంలో వరుసగా కొన్ని గదులుంటాయి, వాటిలో హైడ్రాక్సిల్ అయాన్లు కూర్చుని ఉంటాయి. ఫ్లోరైడ్‌ది కూడా దాదాపు అదే సైజు, అదే ఆవేశం. సీటు ఖాళీ అయితే చాలు, వచ్చి కూర్చుంటుంది, పైగా పాతవాడికంటే గట్టిగా సర్దుకుంటుంది. పంటి పైపొరలో ఇలా కొద్దిగా జరిగితే మేలే. తీపి తిన్నాక నోట్లో బ్యాక్టీరియా తయారుచేసే ఆమ్లానికి మామూలు ఎనామిల్ పీహెచ్ 5.5 (ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటు పెరిగినట్టు) దగ్గరే కరగడం మొదలుపెడితే, ఫ్లోరైడ్ చేరిన ఎనామిల్ 4.5 దాకా ఓర్చుకుంటుంది. టూత్‌పేస్ట్ కథ ఇదే. అక్కడ ఫ్లోరైడ్ పనిచేసేది పంటి ఉపరితలం మీద, మింగక్కర్లేదు, మింగకూడదు కూడా. మామూలు పేస్ట్‌లో ఒక గ్రాముకి దాదాపు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉంటుంది. బ్రష్ నిండా పొడుగ్గా పిండడం ప్రకటనల్లో చూడ్డానికి బాగుంటుంది, చిన్నపిల్లలకి మాత్రం బఠాణీ గింజంత, ఇంకా చిన్నవాళ్లకి బియ్యపు గింజంత చాలు, తర్వాత ఉమ్మేయాలి.

నీళ్లలో వచ్చే ఫ్లోరైడ్ మాత్రం పంటిని బయట నుంచి కాదు, పుట్టకముందే పట్టుకుంటుంది. ఇక్కడ పుట్టడమంటే చిగురులోంచి బయటికి రావడం. ఆరేడేళ్లకి వచ్చే శాశ్వత ముందు పన్ను అప్పటికప్పుడు తయారైంది కాదు, బిడ్డ పుట్టిన కొన్ని నెలలకే దవడ లోపల దాని ఎనామిల్ అల్లడం మొదలైపోతుంది, నాలుగైదేళ్లకి అయిపోతుంది. ఎనామిల్ అల్లే కణాలు ముందు ప్రొటీన్‌తో ఒక అచ్చు వేసి, దాంట్లో ఖనిజం నింపుతూ, ఆ ప్రొటీన్‌ని తీసేస్తూ పోవాలి. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ తీసే పని మందగిస్తుంది. ప్రొటీన్ మిగిలిపోయిన చోట ఖనిజం నిండదు, కంటికి కనపడని రంధ్రాలు మిగులుతాయి. అలాంటి పన్ను బయటికి వచ్చినప్పుడు సుద్ద రంగులో తెల్లటి మచ్చలతో, అడ్డ గీతలతో ఉంటుంది. ఆ తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ ఆ రంధ్రాల్లోకి రంగు ఎక్కి పసుపు, గోధుమ రంగు, మరీ ఎక్కువైతే నలుపు. దీన్ని గార అనుకుని పిల్లలని పళ్లు సరిగ్గా తోముకోవడం లేదని తిట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గార పంటి మీద పేరుకుంటుంది, గీకితే వస్తుంది, ఎక్కువగా చిగురు పక్కన ఉంటుంది. ఫ్లోరోసిస్ మచ్చ పంటి లోపలే ఉంటుంది, రెండు వైపులా జత పళ్ల మీద ఒకే ఎత్తులో అడ్డంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ జత పళ్లు రెండూ ఒకే నెలల్లో తయారయ్యాయి. ఎంత తోమినా పోదు. అలాగే ఎనిమిదేళ్లు దాటాక వేరే ఊరి నుంచి వచ్చి ఆ నీళ్లు తాగినవాళ్లకి ముందు పళ్లకి ఏమీ కాదు, వాటి ఎనామిల్ పని అప్పటికే ముగిసిపోయింది. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ, తల్లి ఎంత తాగినా పాలలోకి పెద్దగా దిగదు. డబ్బా పాలపొడిని బోరు నీళ్లతో కలిపినప్పుడో, జావ మొదలుపెట్టినప్పుడో అసలు లెక్క మొదలవుతుంది.

ఈ సంగతి కనిపెట్టిన తీరు కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అది పంటి డాక్టర్ల పట్టుదల వల్ల బయటపడింది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో ప్రాక్టీసు పెట్టిన ఫ్రెడరిక్ మెకే అక్కడి పిల్లల పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు చూసి ఆశ్చర్యపోయాడు. పంది మాంసం ఎక్కువ తినడం వల్ల అని ఒకరు, పాలు బాగాలేవని ఒకరు, ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. 1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే ఊరికి వెళ్లినప్పుడు తల్లిదండ్రులు ఒక మాటన్నారు: కొన్ని మైళ్ల దూరంలో ఉన్న వేడి నీటి ఊట నుంచి ఊరికి పైపులైన్ వేసుకున్నాకే పిల్లల పళ్లు ఇలా అయ్యాయని. మెకే ఆ నీళ్లు పరీక్ష చేయించాడు, ఏమీ తేలలేదు, అయినా ఆ పైపులైన్ వదిలేసి వేరే ఊట నీళ్లు తెచ్చుకోమన్నాడు. వాళ్లు తెచ్చుకున్నారు. కొన్నేళ్లకి కొత్తగా వచ్చే పళ్లు శుభ్రంగా వచ్చాయి. కారణం పేరు తెలియకుండానే జబ్బుని ఆపేశారన్నమాట. పేరు 1931లో తెలిసింది, అదీ ఒక కంపెనీ తన పరువు కాపాడుకోవడానికి చేసిన పరీక్షలో. ఆర్కన్సాలోని బాక్సైట్ అనే ఊరు అల్యూమినియం కంపెనీ ఆల్కోవాది, అక్కడి పిల్లలకీ ఇవే పళ్లు. అల్యూమినియం గిన్నెల వల్లే అంటారేమోనని ఆ కంపెనీ ప్రధాన రసాయన శాస్త్రవేత్త చర్చిల్ నీళ్లని మరింత సూక్ష్మమైన పద్ధతిలో పరీక్ష చేస్తే ఎవరూ ఊహించనంత ఫ్లోరైడ్ బయటపడింది.

అక్కడ పళ్ల దగ్గర ఆగిన కథ ఇక్కడ ఎముకల దాకా వెళ్లింది. 1937లో షార్ట్, మరి ముగ్గురు మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బు ఉందని వైద్య పత్రికలో రాశారు. వాళ్లు చూసింది అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి వైపు పల్లెలు. అంతకుముందే అక్కడి రైతులు తమ దుక్కిటెద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారని పాత పరిశీలనల్లో ఉంది. మనిషికి రాకముందు పశువులో కనిపించిందని కాదు, పశువు కుంటితే రైతు వెంటనే పట్టించుకుంటాడు, మనిషి నడుం నొప్పంటే వయసు మీద పడిందంటారు. 1955లో నల్గొండ జిల్లా కేసుల గురించి డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఈ జబ్బు వెన్నుపాముని ఎలా నలిపేస్తుందో వివరంగా నమోదు చేశారు.

ఎముక రాయిలాంటిది అనుకోవడం పొరపాటు. ఎముకని కొరికే కణాలు, కట్టే కణాలు రెండూ రోజూ పని చేస్తూనే ఉంటాయి, పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏడాదికి సుమారు పదో వంతు కొత్తదవుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువైతే కట్టే కణాలు రెచ్చిపోతాయి. ఎముక మందమవుతుంది, ఎక్స్‌రేలో మామూలు కంటే తెల్లగా, సున్నం కొట్టినట్టు కనిపిస్తుంది. మంచిదే కదా, గట్టి ఎముక అనిపిస్తుంది. డాక్టర్లకీ అలాగే అనిపించి, ఎముకలు గుల్లబారిన వృద్ధ మహిళలకి సోడియం ఫ్లోరైడ్ ఇచ్చి చూశారు. 1990లో మేయో క్లినిక్ బయటపెట్టిన ఫలితాల్లో నడుం వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది, కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, చేతులు కాళ్ల ఎముకలు విరగడం పెరిగింది. సాంద్రత వేరు, బలం వేరు. స్ఫటికం అమరిక తప్పితే ఎంత మందంగా ఉన్నా పెళుసే. ఎముకల ఆరోగ్యం గురించి పిల్లలకి చెప్పేటప్పుడు ఈ ఒక్క ప్రయోగం చెప్తే చాలనిపిస్తుంది.

అంతటితో ఆగదు. ఎముక ఉండకూడని చోట ఎముక పుడుతుంది. కీళ్ల దగ్గర ఎముకలని ఒకదానితో ఒకటి పట్టి ఉంచే లిగమెంట్లు గట్టిపడతాయి. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు ఎముకలున్నాయి కదా, వాటి మధ్య ఉండే పలుచటి పొర మీద ముళ్లలా ఎముక మొలుస్తుంది, ముంజేతి ఎక్స్‌రేలో డాక్టర్లు ముందు చూసేది దాన్నే. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలు చేయించే పరీక్షకి పరికరాలేం అక్కర్లేదు: మోకాళ్లు వంచకుండా వంగి కాలి వేళ్లు అందుకోగలరా, గడ్డం గుండెకి ఆనించగలరా, చేతులు తల వెనక్కి పెట్టుకోగలరా. ఆఖరి దశలో వెన్నుపాము ఉండే సొరంగమే ఇరుకైపోతుంది, నరాలు నలుగుతాయి, కాళ్లు పడిపోతాయి. లీటరుకి 3 నుంచి 6 మిల్లీగ్రాములున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకల మీద ప్రభావం కనిపించవచ్చని, 10 దాటితే మనిషిని కుదేలుచేసే స్థాయికి పోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట. అయితే తిండి సరిగ్గా లేని చోట ఈ అంకెలు కిందికి జారతాయి.

ఎందుకు జారతాయో నల్గొండ పిల్లల మోకాళ్లే చెప్పాయి. 1970ల మొదట్లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కృష్ణస్వామి అక్కడ ఒక వింత చూశారు. కౌమారంలో ఉన్న పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, పాదాలు మాత్రం ఎడంగా ఉన్నాయి. ఫ్లోరోసిస్ అంటే ఎముక మందమవ్వాలి, వీళ్ల కాళ్ల ఎముకలు పలుచబడి వంగిపోయాయి. 1973లో లాన్సెట్ పత్రికలో ఇది వచ్చింది. ఫ్లోరైడ్ ఏనాటి నుంచో ఉంది, ఈ కాళ్లు మాత్రం కొత్తగా వచ్చాయి, మధ్యలో మారిందేంటి అని చూస్తే నాగార్జునసాగర్ తేలింది. 1967లో కాలువలకి నీళ్లు వదిలాక చుట్టుపక్కల భూగర్భ నీటిమట్టం పెరిగింది, నేలలో క్షారం పెరిగింది, క్షారపు నేలలో మాలిబ్డినం మొక్కలకి తేలిగ్గా అందుతుంది, జొన్నల్లోకి చేరింది. మాలిబ్డినం ఎక్కువైతే ఒంట్లోని రాగి లోహం బయటికి పోతుంది, రాగి లేకపోతే ఎముకలోని ప్రొటీన్ పోగులు సరిగ్గా ముడిపడవు. ఆ సంస్థ ముందుపెట్టిన వివరణ ఇది. తర్వాత వచ్చినవాళ్లు కాల్షియం లోపానికే పెద్దపీట వేశారు: ఫ్లోరైడ్ కట్టే కణాలని తరుముతుంటే, కట్టడానికి సరుకు లేక ఎముక మెత్తగా మిగిలిపోతుందని. రెండూ కలిసే పని చేసి ఉండొచ్చు. కరువు సీమకి నీళ్లు తెచ్చిన ప్రాజెక్టు మోకాళ్ల మీద ప్రభావం చూపుతుందని ఇంజనీర్లు గానీ డాక్టర్లు గానీ ముందుగా ఎలా ఊహిస్తారు, అది ఎవరి సిలబస్‌లోనూ లేదు.

పైగా ఆ ప్రాజెక్టు నీళ్లు దక్కింది పల్లపు ప్రాంతాలకి. మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపు మెట్ట ఎత్తులో ఉంది, కాలువ నీళ్లు వాటంతటవి ఎక్కవు. జిల్లా సరిహద్దులో కృష్ణ పారుతుంటే జనం రాతి కింది నీళ్లు తాగారు. బోర్లు లోతుకి పోయేకొద్దీ నీళ్లూ పాతవే వచ్చాయి. ఆ ఊళ్లకి పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్లు, జబ్బు అంటుకుంటుందేమో అన్న భయం కొందరిది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి ఏకంగా 480 మంది పోటీకి దిగారు, చాలామంది నామినేషన్ వేసింది గెలవడానికి కాదు, నీళ్ల సంగతి దేశం వినాలని. బ్యాలెట్ పేపర్ కాస్తా పుస్తకమైంది. ఆ ఏడాదే అభ్యర్థుల డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకి పెంచారు. నీళ్లు రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

మధ్యలో సైన్సు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరి 1970ల్లో తయారుచేసిన పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరే వచ్చింది. ఆఫ్రికాలో ఇథియోపియా, టాంజానియా లాంటి చోట్ల కూడా దాన్ని వాడి చూశారు. ఇంట్లో దొరికే సరుకే: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. బకెట్ నీళ్లలో వేసి పది నిమిషాలు మెల్లగా కలుపుతారు. నీళ్లు మబ్బేసినట్టు అయి, దూదిపింజల్లాంటి ముక్కలు కడతాయి. అవి పటికలోంచి పుట్టిన అల్యూమినియం హైడ్రాక్సైడ్, ఫ్లోరైడ్‌ని తమకి అంటించుకుంటాయి. సున్నం నీళ్లు పుల్లబడకుండా చూస్తుంది, బ్లీచింగ్ క్రిముల సంగతి చూసుకుంటుంది. గంటసేపు కదపకుండా ఉంచితే పింజలన్నీ అడుక్కి దిగుతాయి, కుళాయిని బకెట్ అడుగు నుంచి కొంచెం ఎత్తులో బిగిస్తారు కాబట్టి పైన తేరిన నీళ్లే వస్తాయి. ల్యాబులో బ్రహ్మాండంగా పనిచేసింది. ఊళ్లో ఇబ్బంది ఏంటంటే పటిక చాలా కావాలి, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఇంకా కావాలి, మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, రుచి మారుతుంది, అడుగున పేరుకున్న మడ్డి ఎక్కడ పోయాలి? రోజూ కొలిచి వేసే మనిషెవరు? ఆర్‌ఓ ప్లాంట్లు వచ్చాక పని సులువైంది కానీ, అవి వడగట్టి వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది, దాన్ని పక్కన కాలువలోకి వదిలితే మళ్లీ భూమిలోకే. నీళ్లని శుభ్రం చేసుకోవడం కంటే వేరే నీళ్లు తెచ్చుకోవడమే మేలని ఓక్లీ ఊరివాళ్లకి 1920ల్లోనే తెలిసింది. నదీ జలాలు రాతితో ఎక్కువకాలం ఉండవు కాబట్టి వాటిలో ఫ్లోరైడ్ తక్కువ. తెలంగాణలో ఇంటింటికీ పైపు నీళ్లిచ్చే పథకం మిషన్ భగీరథ 2016లో మొదలై కృష్ణ నీళ్లని పైపుల్లో ఆ ఎత్తులకి ఎక్కించడం ఇన్నేళ్ల కథలో అసలైన మలుపు.

ఒంట్లో చేరినదాని సంగతేంటి? పళ్ల మచ్చలు వాటంతటవి పోవు, పైన పూత వేయించుకోవచ్చు. ఎముకల్లో ఉన్నది నీళ్లు మారాక కొద్దికొద్దిగా, ఎముక కొత్తదవుతున్నకొద్దీ, ఏళ్లకేళ్లు మూత్రంలో బయటికి వస్తుంది. అతుక్కున్న వెన్నుపూసలు మాత్రం విడిపోవు. అందుకే నీళ్లొచ్చాక కూడా పాత తరం నడుములు అలాగే ఉన్నాయి, నీళ్లు మారితే జబ్బు తగ్గలేదేంటని కోప్పడి లాభం లేదు. తిండిలో కాల్షియం, విటమిన్ సి, ప్రొటీన్ బాగుండేలా చూడటం పనికొస్తుంది. చింతపండు గురించి ఊళ్లలో ఒక నమ్మకం ఉంది, పూర్తిగా గాలి కబురు కూడా కాదు. 2002లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కొద్దిమంది బడి పిల్లలకి చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. చిన్న అధ్యయనం, దాన్ని పట్టుకుని చారు తాగితే చాలు బోరు నీళ్లకి భయం లేదనడం మాత్రం కుదరదు.

ఇంకో చిక్కు ఎండాకాలంలో వస్తుంది. పైపు నీళ్లు రెండ్రోజులు రాకపోతే పాత బోరు మోటారు మళ్లీ వేస్తారు. పొలంలో పని చేసేవాళ్లు ఇంటి నుంచి నీళ్లు మోసుకెళ్లకుండా అక్కడి బోరు నీళ్లే తాగేస్తారు, ఆ నీళ్లు లెక్కలోకి రావు. ఏ బోరులో ఎంతుందో తెలుసుకోవడం కష్టమేం కాదు. జిర్కోనియం కలిసిన ఎర్రటి రంగు ద్రావణంలో నీళ్లు పోస్తే, ఫ్లోరైడ్ ఆ జిర్కోనియంని రంగు నుంచి లాక్కుంటుంది, ఎరుపు వెలిసిపోతుంది. ఎంత వెలిస్తే అంత ఫ్లోరైడ్. హైస్కూల్ ల్యాబులో టీచర్ పక్కనుంటే పిల్లలే ఊళ్లోని బోర్లన్నిటి నీళ్లు తెచ్చి వరుసగా పెట్టి పోల్చొచ్చు, ఒకే వీధిలో రెండు బోర్ల మధ్య కూడా తేడా వస్తుంది, రాతి పగుళ్లు వేరు కాబట్టి.

పథకం నిజంగా ఫలించిందా లేదా అనేదానికి అధికారిక లెక్కలు, ప్రతిపక్షాల విమర్శలు రెండూ ఉన్నాయి. వాటికంటే నమ్మకమైన సాక్ష్యం ఒకటుంది. ముందు పళ్ల ఎనామిల్ మొదటి నాలుగైదేళ్ల నీళ్లని రాసి పెట్టుకుంటుంది, తర్వాత దిద్దడానికి వీల్లేదు. 2017 తర్వాత మెట్ట ఊళ్లలో పుట్టిన పిల్లలకి శాశ్వత ముందు పళ్లు రావాల్సిన వయసు వచ్చేసింది. మర్రిగూడ వైపు ఏదైనా బడిలో రెండో మూడో తరగతి పిల్లల్ని, పదో తరగతి పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి నోరు తెరవమంటే, పైపు నీళ్లు ఏ ఊరికి నిజంగా చేరాయో, ఏ ఊళ్లో ఇంకా బోరు నీళ్లే నడుస్తున్నాయో అక్కడికక్కడే తేలిపోతుంది.